మన్మోహన్ సింగ్ సలహాలు: ఎక్కడ నడిచాయి, ఎక్కడ ఆగిపోయాయి?

ప్రధానిగా ఉన్న పదేళ్లలో మన్మోహన్ సింగ్ హిందీలో మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా ఆయన చేతిలోని కాగితం మీద ఉర్దూ అక్షరాలే ఉండేవి. విభజనకు ముందు పంజాబ్ పల్లెలో ఆయన చదువు ఉర్దూలోనే మొదలైంది. దేవనాగరి లిపి చదవడం ఆయనకు అలవాటు లేదు. ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి దేశం విన్న హిందీ మాటలు ఉర్దూ లిపిలో రాసుకున్నవే.

2024 డిసెంబర్ 26న 92 ఏళ్ల వయసులో ఆయన చనిపోయినప్పుడు టీవీలన్నీ నీలం తలపాగా గురించి, మౌనం గురించి, 1991 బడ్జెట్ గురించి మాట్లాడాయి. ముస్లిం కుటుంబాలకు కావాల్సిన ప్రశ్న మాత్రం వేరే ఉంది. ఒక యూనివర్సిటీ ప్రొఫెసర్ సర్కారుకు సలహాదారుగా వెళ్లాడు. అక్కడి నుంచి రిజర్వ్ బ్యాంకు గవర్నర్, ఆర్థిక మంత్రి, చివరికి ప్రధాని అయ్యాడు. ఇంత దూరం వెళ్లిన మనిషి చెప్పిన సలహాల్లో కొన్ని దేశాన్నే మార్చేశాయి. కొన్ని నివేదికల్లోనే ఉండిపోయాయి. ఎందుకని?

ఈ ప్రశ్న ఇప్పుడు అడగడానికి కారణం ఉంది. తెలంగాణలో కులగణన లెక్కలు వచ్చాయి. వాటిని చదవడానికి ప్రభుత్వం మళ్లీ ఆర్థికవేత్తలనే కూర్చోబెట్టింది. దేశమంతా జనగణన కూడా కులం కాలంతో జరగబోతోంది. మళ్లీ నిపుణులు, మళ్లీ అంకెలు. పోయినసారి ఏం జరిగిందో తెలిస్తే ఈసారి ఏం అడగాలో తెలుస్తుంది.

గాహ్ నుంచి కేంబ్రిడ్జ్ దాకా

మన్మోహన్ 1932 సెప్టెంబర్ 26న గాహ్ అనే ఊళ్లో పుట్టారు. ఇప్పుడది పాకిస్తాన్‌లోని చక్వాల్ జిల్లాలో ఉంది. ఊళ్లో కరెంటు లేదు. చిన్నప్పుడే తల్లి చనిపోతే నానమ్మ పెంచింది. 1947లో కుటుంబం సరిహద్దు దాటి వచ్చి అమృత్‌సర్‌లో స్థిరపడింది. ఇల్లూ ఊరూ వదిలి వచ్చిన ఆ పిల్లాడికి పెట్టుబడి అంటూ ఉన్నది చదువు ఒక్కటే.

పంజాబ్ యూనివర్సిటీలో ఎకనామిక్స్‌లో బీఏ, ఎంఏ చేశారు. కేంబ్రిడ్జ్ సెయింట్ జాన్స్ కాలేజీలో 1957లో ట్రైపోస్ పూర్తి చేశారు. అక్కడే ఆడమ్ స్మిత్ ప్రైజ్ గెలిచారు. తిరిగొచ్చి పంజాబ్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. మధ్యలో ఆక్స్‌ఫర్డ్ నఫీల్డ్ కాలేజీకి వెళ్లి 1962లో డాక్టరేట్ తీసుకున్నారు. ఐక్యరాజ్యసమితి వాణిజ్య సంస్థ అంక్టాడ్‌లో 1966 నుంచి 1969 దాకా పనిచేసి, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ప్రొఫెసర్‌గా చేరారు.

ఆయన డాక్టరేట్ విషయం భారతదేశ ఎగుమతులు. అదే 1964లో పుస్తకంగా వచ్చింది. ఆ రోజుల్లో ఢిల్లీలో ఎక్కువమంది ఆలోచన ఏంటంటే, మన సరుకుకు బయట గిరాకీ పెరగదు, కాబట్టి దిగుమతులు ఆపి ఇక్కడే అన్నీ తయారు చేసుకోవాలి. కుర్రాడైన మన్మోహన్ లెక్కలు తీసి చూపించింది వేరు. ఎగుమతులు పెరగకపోవడానికి బయటి గిరాకీ ఒక్కటే కారణం కాదు, మన సొంత విధానాలకూ అందులో వాటా ఉంది, తలుపు కాస్త తెరిస్తే ఎగుమతులు పెరుగుతాయి అని ఆయన వాదన.

1964లో ఆ మాట ఎవరు పట్టించుకున్నారు? అమలు కావడానికి 27 ఏళ్లు పట్టింది.

ఇరవై ఏళ్ల సలహాదారు

1971లో కేంద్ర వాణిజ్య శాఖ ఆయన్ను ఆర్థిక సలహాదారుగా పిలిచింది. ప్రొఫెసర్ ఉద్యోగం వదిలి సర్కారులోకి అడుగుపెట్టింది అప్పుడే. 1972లో ఆర్థిక శాఖకు ముఖ్య ఆర్థిక సలహాదారు అయ్యారు. 1976లో అదే శాఖలో కార్యదర్శి. ఆ తర్వాత ప్లానింగ్ కమిషన్ సభ్య కార్యదర్శి. 1982 సెప్టెంబర్ నుంచి 1985 జనవరి దాకా రిజర్వ్ బ్యాంకు గవర్నర్. అక్కడి నుంచి ప్లానింగ్ కమిషన్ డిప్యూటీ చైర్మన్. 1987లో జెనీవాకు వెళ్లి, టాంజానియా మాజీ అధ్యక్షుడు జూలియస్ నైరేరే నాయకత్వంలోని సౌత్ కమిషన్‌కు సెక్రటరీ జనరల్‌గా మూడేళ్లు పనిచేశారు. 1990 చివర్లో తిరిగొచ్చి ప్రధాని చంద్రశేఖర్‌కు సలహాదారు అయ్యారు. 1991లో కొన్ని నెలలు యూజీసీ చైర్మన్.

ఈ జాబితా చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇందిరా గాంధీ ఉన్నా, జనతా పార్టీ వచ్చినా, రాజీవ్ గాంధీ వచ్చినా, చంద్రశేఖర్ వచ్చినా ఈయన ఏదో ఒక పదవిలో ఉన్నారు. 1974లో ధరలు 20 శాతానికి పైగా పెరిగి జనం అల్లాడుతుంటే, జీతాల పెంపులో కొంత భాగాన్ని తప్పనిసరి డిపాజిట్‌గా పట్టి ఉంచడం లాంటి కఠిన చర్యలు ఇందిరా సర్కారు తీసుకుంది. అప్పుడు ముఖ్య ఆర్థిక సలహాదారు మన్మోహనే. ఆ తర్వాత ఏడాది ధరలు దిగొచ్చాయి.

మరి 1964 నాటి పుస్తకం సంగతేంటి? లైసెన్సులు, పర్మిట్లు, కోటాల రాజ్యం ఆ ఇరవై ఏళ్లూ నడుస్తూనే ఉంది. దాన్ని అనుమానించిన మనిషి అదే యంత్రాంగంలో కూర్చుని ఫైళ్లు చూస్తున్నాడు. కొందరు దీన్ని అవకాశవాదం అంటారు. కొందరు ఓపిక అంటారు. సలహాదారు ఉద్యోగం ఎలాంటిదో తెలిస్తే రెండూ పూర్తి నిజం కాదని అర్థమవుతుంది. సలహాదారు నోట్ రాస్తాడు. నిర్ణయం మంత్రిది. మంత్రి వద్దంటే ఆ నోట్ ఫైల్లో ఉంటుంది, సలహాదారు మర్నాడు ఇంకో నోట్ రాస్తాడు. అంతే.

1991: సలహాకు రాజకీయ అండ దొరికిన రోజు

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. లక్షా డెబ్భై వేల మందికి పైగా భారతీయులను విమానాల్లో వెనక్కి తీసుకురావాల్సి వచ్చింది. కడప, హైదరాబాద్ లాంటి చోట్ల నుంచి వెళ్లినవాళ్లూ వారిలో ఉన్నారు. అక్కడి నుంచి ఇళ్లకు వచ్చే డబ్బు ఆగింది. పెట్రోల్ ధర పెరిగింది. అప్పటికే అప్పుల్లో ఉన్న దేశానికి ఇది గట్టి దెబ్బ. 1991 మధ్యకు వచ్చేసరికి దేశం దగ్గరున్న విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు కూడా చాలీచాలనంత. మేలో 20 టన్నుల బంగారం అమ్మారు. జులైలో మరో 47 టన్నులు ఇంగ్లండ్, జపాన్ కేంద్ర బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టారు. ఇంట్లో నగలు తాకట్టు పెట్టిన కుటుంబాలకు ఆ పరిస్థితి ఎలా ఉంటుందో వివరించి చెప్పక్కర్లేదు.

ఆ జూన్‌లో ప్రధాని అయిన పి.వి. నరసింహారావు తెలంగాణ మనిషి, వంగర ఆయన ఊరు. ఆర్థిక శాఖకు రాజకీయ నాయకుడు కాకుండా ప్రపంచం నమ్మే నిపుణుడు కావాలనుకున్నారు. ముందు ఐ.జి. పటేల్‌ను అడిగారు, ఆయన ఒప్పుకోలేదు. తర్వాత కబురు మన్మోహన్‌కు వెళ్లింది. జూన్ 21న ఆయన ప్రమాణం చేశారు.

జులై 1న రూపాయి విలువ తగ్గించారు. గొడవ మొదలైంది. రెండో విడత తగ్గింపు జులై 3న. ఆ ఉదయం పీవీకి భయం పట్టుకుంది, ఆపమన్నారు. మన్మోహన్ రిజర్వ్ బ్యాంకు డిప్యూటీ గవర్నర్ సి. రంగరాజన్‌కు ఫోన్ చేశారు. అప్పటికే పని అయిపోయిందని రంగరాజన్ చెప్పారు. ఈ రంగరాజనే తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా హైదరాబాద్ వచ్చారు.

జులై 24న బడ్జెట్. అదే రోజు పారిశ్రామిక విధానం కూడా సభ ముందుకొచ్చింది. చాలా పరిశ్రమలకు లైసెన్సు అక్కర్లేదని చెప్పింది ఆ విధానమే. పరిశ్రమల శాఖ అప్పుడు పీవీ చేతిలోనే ఉంది. అంటే లైసెన్స్ రాజ్యాన్ని పడగొట్టిన ఘనత మన్మోహన్ ఒక్కడిదే అనుకోవడం తప్పు. ఆలోచన ప్రొఫెసర్‌ది, పూచీ రాజకీయ నాయకుడిది. విమర్శలు వచ్చినప్పుడు అడ్డం నిలబడ్డది పీవీ.

అక్కడ కూడా హద్దు ఉంది. ఎరువుల ధర 40 శాతం పెంచాలని బడ్జెట్ ప్రతిపాదిస్తే సొంత పార్టీ ఎంపీలే తిరగబడ్డారు. చివరికి 30 శాతానికి తగ్గించి, చిన్న సన్నకారు రైతులకు మినహాయింపు ఇచ్చారు. లెక్క ఎంత సరైనదైనా, ఓటు వేసేవాడు గట్టిగా అడిగితే లెక్క మారుతుంది. ఈ మాట గుర్తుంచుకోవాలి. ముందు ముందు పనికొస్తుంది.

1992 సంగతి దాటేయలేం

ఇదే ప్రభుత్వంలో, ఇదే పీవీ ప్రధానిగా ఉండగా, 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదును కూల్చారు. మన్మోహన్ ఆ క్యాబినెట్‌లో మంత్రి. కూల్చివేత ఆర్థిక శాఖ పని కాదు, నిజమే. కానీ ముస్లిం కుటుంబాల జ్ఞాపకంలో 1991 సంస్కరణలు, 1992 డిసెంబర్ ఒకే ప్రభుత్వానికి చెందినవి. రూపాయిని కాపాడటానికి రాత్రికి రాత్రి నిర్ణయాలు తీసుకున్న సర్కారు, మసీదును కాపాడటానికి ఆ వేగం చూపలేదు. ఆయన జీవితాన్ని ఎంత మెచ్చుకున్నా ఈ పేజీ చింపేసి చదవడం న్యాయం కాదు.

సచార్: సర్కారు లెక్క అడిగిన రోజు

2004 మేలో మన్మోహన్ ప్రధాని అయ్యారు. ప్రజల ఓటుతో ఆయన ఎన్నడూ లోక్‌సభకు వెళ్లలేదు. ఒక్కసారి, 1999లో దక్షిణ ఢిల్లీ నుంచి పోటీ చేసి ఓడిపోయారు. రాజ్యసభ నుంచే పాలించారు. పార్టీ పగ్గాలు సోనియా గాంధీ చేతిలో ఉన్నాయి.

2005 మార్చి 9న ఆయన ఒక కమిటీ వేశారు. ఢిల్లీ హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి రాజిందర్ సచార్ చైర్మన్. ఆర్థికవేత్త అబూ సాలెహ్ షరీఫ్ సభ్య కార్యదర్శి. వాళ్లకు అప్పగించిన పని సూటిగా ఉంది: ఈ దేశంలో ముస్లింల చదువు, ఉద్యోగం, ఆదాయం, అప్పు, ఆరోగ్యం ఎలా ఉన్నాయో లెక్క తీయండి. ఒక ఆర్థికవేత్త ప్రధాని అయితే వేసే ప్రశ్న అలాగే ఉంటుంది. ముందు డేటా తెండి, తర్వాత మాట్లాడదాం.

2006 నవంబర్ 30న నివేదిక పార్లమెంటు ముందుకొచ్చింది. 2001 జనగణన ప్రకారం జనాభాలో ముస్లింలు 13.4 శాతం. ఐఏఎస్‌లో 3 శాతం. ఐపీఎస్‌లో 4 శాతం. ఐఎఫ్ఎస్‌లో 1.8 శాతం. దేశం మొత్తం అక్షరాస్యత 65.1 శాతం అయితే ముస్లింలలో 59.1. ఆరు నుంచి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు అసలు బడికి వెళ్లలేదు, లేదా మధ్యలో మానేశారు. బ్యాంకుల్లో ఖాతాలు ఉన్నా, అప్పుగా అందే సొమ్ములో వాటా చాలా తక్కువ. కొన్ని బ్యాంకులు ముస్లిం వాడలను అప్పు ఇవ్వకూడని ప్రాంతాలుగా గుర్తు పెట్టుకున్నాయని కూడా నివేదిక రాసింది.

ఒక పాత అబద్ధం కూడా ఆ రోజు పోయింది. ముస్లింలు పిల్లల్ని మదర్సాలకే పంపుతారు అనే మాట. బడి వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాకు వెళ్లేవాళ్లు దాదాపు 3 శాతమే అని తేలింది. మిగతావాళ్లకు కావాల్సింది దగ్గర్లో మంచి సర్కారు బడి.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేత, చేతివృత్తుల మీద బతికే ముస్లింలను ఆర్థిక సంస్కరణలు దెబ్బతీశాయన్న ఫిర్యాదు ఆ నివేదికలోనే నమోదైంది. ఆ సంస్కరణలు తెచ్చిందీ మన్మోహనే, ఆ ఫిర్యాదు రాయడానికి వీలున్న కమిటీని వేసిందీ మన్మోహనే. తన పనికి మార్కులు వేయించుకునే ధైర్యం ఉన్న పాలకులు తక్కువ.

అమలు ఎక్కడ జారిపోయింది?

కొన్ని పనులు జరిగాయి. నివేదిక రాకముందే 2006 జనవరిలో మైనారిటీ వ్యవహారాల శాఖ వచ్చింది. అదే ఏడాది ప్రధాని కొత్త 15 సూత్రాల కార్యక్రమం వచ్చింది. ప్రీ మెట్రిక్, పోస్ట్ మెట్రిక్, మెరిట్ కమ్ మీన్స్ స్కాలర్‌షిప్పులు వచ్చాయి. పరిశోధన చేసేవాళ్లకు మౌలానా ఆజాద్ ఫెలోషిప్ వచ్చింది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ, ఇంజనీరింగ్ చదివిన పిల్లలున్న కుటుంబాలకు ఈ పేర్లు బాగా తెలుసు.

జరగనివి కూడా ఉన్నాయి. వివక్ష ఫిర్యాదులు వినడానికి సమాన అవకాశాల కమిషన్ కావాలని సచార్ చెప్పారు. 2014లో ఆ సర్కారు దిగిపోయేదాకా అది ఏర్పడలేదు. 90 మైనారిటీ జిల్లాల్లో ప్రత్యేక అభివృద్ధి పథకం పెట్టారు కానీ, లెక్క జిల్లా పేరు మీద వేశారు. డబ్బు జిల్లాకు వెళ్లింది. జిల్లాలో ముస్లిం వాడకు వెళ్లిందా లేదా అని చూసే ఏర్పాటు లేదు. తర్వాత బ్లాకు స్థాయికి మార్చారు గానీ అప్పటికే ఏళ్లు గడిచిపోయాయి. సచార్ సిఫార్సుల అమలు చూడమని ఆర్థికవేత్త అమితాబ్ కుండు నాయకత్వంలో 2013లో వేసిన కమిటీ కూడా, పని మొదలైంది కానీ అవసరానికి తగినంత జరగలేదనే తేల్చింది.

వడ్డీలేని బ్యాంకింగ్ విషయం ఇంకో ఉదాహరణ. షికాగో ప్రొఫెసర్ రఘురామ్ రాజన్ నాయకత్వంలో ప్లానింగ్ కమిషన్ వేసిన కమిటీ 2008లో, మత విశ్వాసం వల్ల బ్యాంకుకు దూరంగా ఉన్నవారి కోసం వడ్డీలేని సేవలు తేవాలని సూచించింది. ఆ రాజనే తర్వాత ముఖ్య ఆర్థిక సలహాదారు అయ్యారు, 2013లో రిజర్వ్ బ్యాంకు గవర్నర్ కూడా అయ్యారు. అయినా ఆ బ్యాంకింగ్ రాలేదు. ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లడం లేదని 2017లో రిజర్వ్ బ్యాంకు ఆర్టీఐ జవాబులో చెప్పేసింది. సలహా ఇచ్చిన మనిషే పదవిలో కూర్చున్నా, వెనక రాజకీయ బలం లేకపోతే ఇంతే.

పోలిక కోసం ఇంకో పథకం చూడొచ్చు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మన్మోహన్, సోనియా కలిసి ఉపాధి హామీ ప్రారంభించారు. అది కూడా ఆర్థికవేత్తల ఆలోచనే. జీన్ డ్రెజ్ లాంటివాళ్లు దాని వెనక ఉన్నారు. అది చాలా ఏళ్లు నిలబడింది. ఎందుకంటే అది చట్టంగా వచ్చింది. ఏడాదికి 100 రోజుల పని అడిగే హక్కు ఇచ్చింది. పార్టీ దాన్ని తనదిగా చెప్పుకుంది. కూలీలు రోడ్డెక్కి అడిగారు. సచార్ సిఫార్సులు మాత్రం ఎక్కువ భాగం పథకాలుగా, జీవోలుగా వచ్చాయి. చట్టం తీసేయాలంటే పార్లమెంటులో చర్చ జరగాలి. పథకం తీసేయాలంటే ఒక ఉత్తర్వు చాలు.

తర్వాత అదే జరిగింది. 2022-23 నుంచి ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను 9, 10 తరగతులకే పరిమితం చేశారు. మౌలానా ఆజాద్ ఫెలోషిప్ ఆగిపోయింది. విదేశీ చదువుల అప్పు మీద వడ్డీ రాయితీ ఇచ్చే పఢో పర్‌దేశ్ కూడా ఆగిపోయింది.

ఒక్క వాక్యం, పద్దెనిమిదేళ్లు

2006 డిసెంబర్ 9న జాతీయ అభివృద్ధి మండలిలో మన్మోహన్ ఒక ప్రసంగం చేశారు. ఎస్సీలు, ఎస్టీలు, బీసీలు, మహిళలు, పిల్లలు, మైనారిటీలు అందరికీ అభివృద్ధిలో వాటా అందాలని, వనరుల మీద మొదటి హక్కు వాళ్లదని దాని సారం. మైనారిటీల్లో ముస్లింల పేరు ప్రత్యేకంగా వచ్చింది. మొదటి హక్కు ముస్లింలకే అన్నారని ప్రచారం మొదలైంది. మర్నాడే ప్రధాని కార్యాలయం వివరణ ఇచ్చింది. కానీ అది వాదన ముగించలేదు. 2024 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని బాంస్‌వాడా సభలో ప్రధాని మోదీ ఆ వాక్యాన్నే మళ్లీ బయటికి తీశారు. 91 ఏళ్ల వయసులో మన్మోహన్ పంజాబ్ ఓటర్లకు ఉత్తరం రాస్తూ, తాను ఏ ఒక్క వర్గాన్నీ వేరు చేసి చూడలేదని చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ లెక్క విచిత్రంగా ఉంది. వాక్యం పద్దెనిమిదేళ్లు బతికింది. ఆ వాక్యం వెనకున్న సచార్ అంకెలు మాత్రం జనం మరిచిపోయారు. ఐఏఎస్‌లో 3 శాతం ఉన్నవాళ్లకు మొదటి హక్కు దక్కిందని ప్రచారం నడిచింది. అంకె గుర్తున్నవాళ్లు తక్కువ కాబట్టి అది చెల్లింది.

పదవి లేని సలహా

పదవి పోయాక కూడా ఆయన ఒక హెచ్చరిక చేశారు. 2016 నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. చలామణిలో ఉన్న డబ్బులో విలువ ప్రకారం 86 శాతం ఒక్క రాత్రిలో చెల్లకుండా పోయింది. నవంబర్ 24న రాజ్యసభలో మన్మోహన్ లేచి, ఇది వ్యవస్థ ప్రకారం జరిగిన దోపిడీ అన్నారు. చిన్న వ్యాపారాలు, అసంఘటిత రంగం దెబ్బతింటాయని, వృద్ధి రేటు రెండు శాతం దాకా పడిపోవచ్చని చెప్పారు.

ఆయన చెప్పిన రెండు శాతం లెక్క మీద ఆర్థికవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటారు. కానీ రద్దు చేసిన నోట్లలో 99.3 శాతం బ్యాంకులకు తిరిగొచ్చేశాయని 2018లో రిజర్వ్ బ్యాంకే ప్రకటించింది. నల్లధనం తిరిగి రాకుండా పోతుందన్న ఆశ అక్కడే ముగిసింది. రోజువారీ నగదు మీద నడిచే దుకాణాలు, మెకానిక్ షెడ్లు, తోపుడు బండ్లు, జరీ పనివాళ్లు ఆ నెలల్లో ఏం పడ్డారో పాతబస్తీలో ఎవరినడిగినా చెబుతారు. సలహా సరైనదే, కానీ చెప్పిన మనిషి ప్రతిపక్ష బెంచీలో ఉన్నారు.

ఇప్పుడు మళ్లీ అంకెల కాలం

తెలంగాణ కులగణన ఫలితాలు 2025 ఫిబ్రవరిలో వచ్చాయి. రాష్ట్రంలో ముస్లింలు 12.56 శాతం, అందులో బీసీ ముస్లింలు 10.08 శాతం అని తేలింది. ఆ డేటాను చదివి వెనకబాటు కొలవడానికి జస్టిస్ సుదర్శన్ రెడ్డి నాయకత్వంలో ప్రభుత్వం నిపుణుల బృందం వేసింది. ప్రభుత్వం ప్రకటించిన పేర్లలో బండ్లపల్లి పథకం వెనకున్న జీన్ డ్రెజ్ కూడా ఉన్నారు. 2025 జులైలో బృందం నివేదిక ఇచ్చింది.

ఈ రాష్ట్రానికి అనుభవం లేకపోలేదు. సుధీర్ కమిషన్‌లో ఆర్థికవేత్త అమీరుల్లా ఖాన్ సభ్యుడిగా ఉన్నారు. 2016లో నివేదిక వచ్చింది. 2017 ఏప్రిల్‌లో ముస్లిం బీసీల కోటాను 12 శాతానికి పెంచే బిల్లు అసెంబ్లీ పాస్ చేసింది. బిల్లు ఢిల్లీకి వెళ్లింది, అక్కడే ఉండిపోయింది. ఇప్పుడున్నది 2007 చట్టం ఇచ్చిన 4 శాతమే. దాని మీద కేసు కూడా సుప్రీంకోర్టుకు చేరింది, మధ్యంతర ఉత్తర్వు మీద అమలు నడుస్తోంది. 2025 మార్చిలో బీసీలకు 42 శాతం బిల్లులు పాస్ అయినప్పుడు, అందులో ముస్లింలు ఎందుకున్నారన్న గొడవ మొదలైంది.

మన్మోహన్ కథతో పోలిస్తే దారి స్పష్టంగానే కనిపిస్తుంది. 1964 పుస్తకం 1991లో నడిచింది, ఎందుకంటే సంక్షోభం వచ్చింది, పీవీ అండ నిలబడ్డారు. ఎరువుల ధర తగ్గింది, ఎందుకంటే అడిగేవాళ్లు గట్టిగా అడిగారు. ఉపాధి హామీ చాలా ఏళ్లు నిలబడింది, ఎందుకంటే చట్టం అయింది. సచార్ సగంలో ఆగింది, ఎందుకంటే నివేదిక వచ్చిన రోజు సంతోషించినవాళ్లు చాలామంది ఆ తర్వాత అమలు లెక్క అడగలేదు. అందులో పార్టీల తప్పు ఉంది. సమాజ పెద్దలు, సంస్థల తప్పు కూడా ఉంది.

కాబట్టి ఇకముందు చేయాల్సిన పనులు చిన్నవే. జనగణన 2027 మార్చి 1 తేదీని లెక్కగా తీసుకుని జరుగుతుంది. లెక్కలు రాసే ఉద్యోగి ఇంటికొచ్చినప్పుడు ఇంట్లో ఎవరు చదువుతున్నారు, ఎవరు మానేశారు, ఎవరు ఏ పని చేస్తున్నారు అనేది ఉన్నదున్నట్టు రాయించాలి. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయితే మాతృభాష ఉర్దూ అనే రాయించాలి. కులం అడిగితే ముస్లిం అని ఊరుకోకుండా షేక్, దూదేకుల, ఖురేషి, ఫకీర్, అత్తరు సాయిబు, ఏదైతే అది చెప్పాలి. బీసీ-ఇ, బీసీ-బి సర్టిఫికెట్లు ఉన్నవాళ్లు వాటిలో పేరు ఎలా ఉందో ముందే చూసుకోవాలి. ఈసారి తప్పుగా రాసిన అంకె మళ్లీ జనగణన వచ్చేదాకా వెంటాడుతుంది.

రెండోది, ఓటు అడగడానికి వచ్చే నాయకుడిని నివేదిక గురించి అడగాలి. సుధీర్ కమిషన్ ఏం చెప్పింది, నిపుణుల బృందం ఏం చెప్పింది, ఏ సిఫార్సు ఏ తేదీలోగా చట్టం అవుతుంది అని. షాదీఖానా శంకుస్థాపన, ఇఫ్తార్ విందు ఈ ప్రశ్నకు జవాబు కావు.

2014 జనవరిలో చివరి ప్రెస్ మీట్లో మన్మోహన్, ఇప్పటి మీడియా కన్నా చరిత్ర తన మీద దయ చూపుతుందని అన్నారు. చరిత్ర తన తీర్పు తాను చెప్పుకుంటుంది. కానీ ఆయన తీయించిన అంకెలు ముస్లిం పిల్లల గురించి. వాటిని అడిగి అమలు చేయించుకునే పని ఇంకా మిగిలే ఉంది.